పింగాణీ కప్పు: కొన్న రోజు నుంచి పగిలిన తర్వాత దాకా

ఇంట్లో ఉన్న కప్పుల్లో ఒకటి తీసి బోర్లించండి. అడుగున ఉంగరంలా గుండ్రంగా, కాస్త గరుకుగా ఒక అంచు కనిపిస్తుంది. బట్టీలో కాల్చేటప్పుడు పైపూత కరిగి కింది పలకకు అతుక్కుపోకుండా ఆ అంచు మీద మాత్రం పూతను తుడిచేస్తారు. ఒళ్లంతా మెరుపు కప్పుకున్న కప్పు తన అసలు మట్టిని చూపించేది అక్కడే. కప్పు కొనేటప్పుడు అందరూ బొమ్మ చూస్తారు, రంగు చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది అడుగు.

ఆ గరుకు అంచు మీద ఒక నీటి చుక్క వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. చుక్క ఇంకిపోయి తడి మచ్చ మిగిలితే అది 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ మధ్య కాల్చిన ఎర్తెన్‌వేర్. దాని లోపలి మట్టి ఇంకా నీళ్లు పీలుస్తుంది. చుక్క అలాగే నిలబడితే స్టోన్‌వేరో, పోర్సిలేనో. 1200 దాటిన వేడిలో మట్టి రేణువులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, సందులు మూసుకుపోతాయి. ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవాలంటే కప్పును దీపానికి ఎదురుగా పట్టుకోండి. వెనక పెట్టిన వేళ్ల నీడ ఇవతలికి కనిపిస్తే అది పోర్సిలేన్ లేదా బోన్ చైనా. బోన్ చైనాలో బోన్ అన్నది ఉత్తి పేరు కాదు, పశువుల ఎముకల బూడిద నిజంగానే కలుస్తుంది. ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర జొసయా స్పోడ్ చేతిలో కుదురుకున్న పద్ధతి అది. శాకాహారం గట్టిగా పాటించేవాళ్లు పెట్టె మీద చదివి కొనుక్కోవడం మంచిది. కొన్ని కప్పులకు అడుగు కూడా నున్నగా ఉండి మూడు చిన్న చుక్కల్లాంటి గాట్లు కనిపిస్తాయి. సన్నని ముళ్ల మీద నిలబెట్టి కాల్చారన్నమాట. అలాంటివి ఎక్కువగా ఎర్తెన్‌వేరే.

మాటల్లో మనం వీటన్నిటినీ పింగాణీ అనేస్తాం, నేనూ ఇక్కడ అలాగే అంటాను.

ఇక పైపూత. దీన్ని గ్లేజు అంటారు. ఇసుకలో ఉండే సిలికా, కొంచెం అల్యూమినా, ఆ రెండింటినీ తక్కువ వేడికే కరిగించే మరో పదార్థం కలిపి పూస్తే, బట్టీలో అది గాజుగా మారి మట్టిని పట్టుకుంటుంది. మీ పెదవికీ, కప్పులో టీకీ తగిలేది మట్టి కాదు, ఆ గాజు. కింద చెప్పే జాగ్రత్తలు దాదాపు అన్నీ ఆ పలచని పొర కోసమే. అది చెక్కుచెదరకుండా ఉన్నన్నాళ్లూ కప్పు తాగడానికి పనికొస్తుంది. అది పాడయ్యాక కప్పును ఇంకో పనిలో పెట్టాలి.

ముందు సీసం అనుమానం తీర్చుకోండి

గ్లేజును తక్కువ వేడికే కరిగించి నిగనిగలాడేలా చేయడానికి శతాబ్దాల పాటు సీసం వాడారు. ఎరుపు, నారింజ, పసుపు రంగులకు కాడ్మియం అనే మరో విషలోహం వాడకమూ ఉంది. సరిగ్గా కాల్చిన గ్లేజులో ఇవి గాజులోనే బందీలై ఉంటాయి. సరిగ్గా కాలకపోతే పుల్లటి పదార్థం తగిలినప్పుడు కొంచెం కొంచెంగా బయటికి దిగుతాయి. నిమ్మరసం, వెనిగర్, టమాటా, కాఫీ అన్నీ ఈ కోవలోవే. వేడి, నిల్వ ఉంచిన సమయం తోడైతే దిగేది ఇంకా పెరుగుతుంది. పరీక్షశాలలో కప్పు నిండా 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఆ తర్వాత ద్రవంలో సీసం ఎంతుందో కొలుస్తారు. కప్పులు, మగ్గుల విషయంలో అది లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటితే అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఊరుకోదు. ఐరోపా 1984లో తెచ్చిన ఆదేశం లోతున్న పాత్రలకు పెట్టిన హద్దు 4 మిల్లీగ్రాములు. హద్దులే ఎనిమిది రెట్లు తేడా ఉన్నప్పుడు, పెట్టె మీద ఏదో ఒక ముద్ర ఉంది కదా అని నిశ్చింతగా ఉండటం నాకు నచ్చదు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఇది. లోపలి వైపు రంగులున్న గిన్నె గానీ కప్పు గానీ తీసుకోండి. రంగు ఉన్న చోట నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే కడిగి వెలుతురులో చూడండి. ఆ మేర రంగు వెలిసినా, మెరుపు తగ్గి పొడిబారినట్టు కనిపించినా అది తిండికి పనికిరాదు. మార్పేమీ లేకపోతే గ్లేజు గట్టిదని మాత్రమే అర్థం, సీసం లేదని కాదు. బజార్లో దొరికే సీసం పరీక్ష పుల్లలూ అంతే. రంగు మారితే నమ్మండి, మారకపోతే మాత్రం ధీమా వద్దు.

ఏవి పక్కన పెట్టాలి? ఎప్పటివో తెలియని పాత సామాను, లోపలి వైపు చేత్తో రంగులు వేసి ఎక్కడ తయారైందో రాయనివి, వేలితో రుద్దితే సుద్దలా పొడి అంటుకునేవి. చాలా కాలం మంచి పేరున్న సరుకు కూడా మినహాయింపు కాదు. అమెరికాలో 1936లో మొదలైన ఫియెస్టా పాత్రల్లో ఎర్ర రంగు వచ్చింది యురేనియం ఆక్సైడు వల్ల. యుద్ధకాలంలో యురేనియం ప్రభుత్వానికి కావాల్సి వచ్చి 1943లో ఆ ఎరుపు ఆగింది. 1959లో మళ్లీ మొదలై 1972 దాకా సాగింది. అలాంటివి అలమరలో చూడ్డానికి బాగుంటాయి, అక్కడే ఉండనివ్వండి.

ఇంకో చిన్న సంగతి. అలంకరణకే అని చేసిన పళ్లేనికి మధ్యలో రంధ్రం ఉంటే అది వేలాడదీయడానికే అనుకోకండి. సీసం ఎక్కువున్న అలంకరణ పాత్ర అడుగున చెరగని హెచ్చరిక ఉండాలని, లేదా తిండి తగిలే చోట రంధ్రం చేయాలని అమెరికా నిబంధన ఉంది. ఎవరూ అందులో వడ్డించకుండా అదొక ఉపాయం.

వేడి: కప్పును చంపేది చటుక్కున వచ్చే మార్పు

పింగాణీ ఎంత వేడికైనా ఓర్చుకుంటుంది, వెయ్యి డిగ్రీలు దాటి వచ్చిందే కదా. ఓర్చుకోలేనిది తొందరను. మట్టిలో వేడి మెల్లగా పాకుతుంది. చల్లని కప్పులో మరిగే నీళ్లు పోస్తే లోపలి గోడ వెంటనే సాగుతుంది, బయటి గోడ ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ గుంజులాటలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ బీట పడుతుంది. బయటికి కనపడని సన్న బీట ఒకటి ముందే ఉంటే అదే దారి.

కాబట్టి కప్పును ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆ తర్వాతే మరిగేది పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను బల్ల మీద ఒక అరగంట వదిలేయండి. ఓవెన్‌లో పెట్టదగినదని తయారీదారు రాసిన పాత్రనైనా ఓవెన్ చల్లగా ఉండగానే లోపల పెట్టి దానితోపాటు వేడెక్కనివ్వండి. బయటికి తీశాక తడి గట్టు మీదో, ఉక్కు సింకులోనో దించకండి, పొడి గుడ్డ మడత మీద దించండి. పొయ్యి మంట మీద మాత్రం మామూలు పింగాణీ ఏదీ వద్దు.

మైక్రోవేవ్‌కు ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బంగారు, వెండి గీతలున్న కప్పుకైతే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు, లోహం కాబట్టి లోపల మెరుపులు వస్తాయి, పెట్టనే కూడదు. మిగతావాటికి: ఖాళీ కప్పును పెట్టి, పక్కన మైక్రోవేవ్‌కు పనికొచ్చే గాజు గ్లాసులో నీళ్లు పెట్టి ఒక నిమిషం నడపండి. నీళ్లు వేడెక్కి కప్పు చల్లగా ఉంటే సరే. కప్పే చుర్రుమంటే ఆ మట్టిలో తడి చేరిందని గానీ, గ్లేజులో లోహాలు ఎక్కువున్నాయని గానీ అర్థం. దాన్ని వేడి చేయడానికి వాడకండి. ఇదివరకు చల్లగా ఉండే కప్పు ఈమధ్య కాలుతోందంటే ఎక్కడో గ్లేజు పగిలి నీళ్లు లోపలికి వెళ్తున్నాయి.

నున్నటి కప్పులో ఉత్త నీళ్లు మైక్రోవేవ్‌లో ఎక్కువసేపు కాచకండి. బుడగలు రాకుండానే మరిగే వేడి దాటిపోయి, చెంచా పెట్టగానే ఒక్కసారిగా మీదికి ఎగదన్నుతాయి. నీళ్లలో చెక్కపుల్ల ఒకటి వేసి కాచితే ఆ బెడద ఉండదు.

కడగడం, మరకలు తీయడం

రోజువారీ కడుగుడుకు మెత్తని స్పాంజి, గోరువెచ్చని నీళ్లు, సబ్బు చాలు. స్టీలు పీచు, ఇసుకలాంటి గరుకు పొడి గ్లేజు మీద గీతలు పెడతాయి, ఆ గీతల్లోనే రేపటి మరకలు చేరతాయి. సింకు అడుగున ఒక తువ్వాలు పరిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి. అంచులు విరిగేది ఎక్కువగా బల్ల మీద కాదు, సింకులో కుళాయికి తగిలే. ఎర్తెన్‌వేర్‌ను గంటల తరబడి నీళ్లలో నానేయకండి. అడుగు ఉంగరం నీళ్లు తాగేస్తుంది, ఆరకుండానే అలమరలోకి వెళ్తే ముక్క వాసన వేస్తుంది.

డిష్‌వాషర్‌లో వేయాలా వద్దా అన్నది బొమ్మ ఎక్కడుందన్న దాని మీద ఉంటుంది. కప్పును వెలుతురుకు వాలుగా పట్టుకుని బొమ్మ మీద వేలు రాయండి. బొమ్మ కాస్త ఎత్తుగా తగిలినా, ఆ చోట మెరుపు వేరుగా ఉన్నా అది గ్లేజు పైన వేసిన రంగు. గ్లేజు కంటే చాలా తక్కువ వేడిలో కాల్చి అంటించిందన్నమాట. డిష్‌వాషర్ మందులోని క్షారం దాన్ని ఏడాదిలో వెలవెలబోయేలా చేస్తుంది. బంగారు అంచు ఇంకా ముందే పోతుంది. వేలికి అంతా ఒకే నున్నదనం తగిలితే బొమ్మ గ్లేజు కిందే భద్రంగా ఉంది, నిక్షేపంగా వేయండి.

మరకల దగ్గర తొందరపడకుండా అవేమిటో ముందు గుర్తుపట్టండి.

గోధుమరంగు మరకైతే టీ, కాఫీల్లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం. నీళ్లలో సున్నం ఎక్కువున్న చోట అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వంటసోడాలో కొద్దిగా నీళ్లు కలిపి ముద్దగా చేసి, తడి గుడ్డతో గుండ్రంగా రుద్దండి. నూటికి తొంభై మరకలు ఇక్కడే పోతాయని నా అనుభవం. పోకపోతే సోడియం పర్‌కార్బొనేట్ పొడి వేడినీళ్లలో కలిపి కప్పు నిండా పోసి ఒక గంట వదలండి. బట్టల మరకలకు అమ్మే క్లోరిన్ లేని తెల్లపొడుల్లో చాలావాటిలో ఉండేది ఇదే. దానిలోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడు మరకను విరగ్గొడుతుంది.

పళ్లెం మీద బూడిదరంగు సన్న గీతలు కనిపిస్తే గ్లేజు గీసుకుపోయిందని బెంగపడకండి. చాలాసార్లు అది మీ చెంచాలోని, కత్తిలోని లోహం. గ్లేజు సాధారణంగా ఆ ఉక్కు కంటే గట్టిది కాబట్టి లోహమే అరిగి దాని మీద అంటుకుంటుంది. వంటసోడా ముద్దతో కొంత పోతుంది. మొండివాటికి ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పాత్రల పొడి వాడండి. చేతులకు తొడుగులు వేసుకుని, అర నిమిషం మించకుండా రుద్ది, ధారాళంగా కడిగేయండి.

మూడో రకం మరక లోపలిది. గ్లేజు మీద సాలెగూడులా సన్న పగుళ్లు పడి, వాటి గుండా టీ మట్టిలోకి దిగి గోధుమ గీతలు కట్టి ఉంటుంది. చల్లారేటప్పుడు గ్లేజు మట్టి కంటే ఎక్కువ ముడుచుకుపోతే ఈ పగుళ్లు వస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ మట్టి తేమ పీల్చి ఉబ్బినా వస్తాయి. చైనాలో సోంగ్ రాజుల కాలం నాటి గె పాత్రలకు ఇవే అందం, కావాలనే తెప్పించేవారు. మీ కాఫీ కప్పుకు మాత్రం అది అందం కాదు, మట్టి దాకా వేసిన దారి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడులో ఒకటి రెండు రోజులు నానేస్తే రంగు తేలికవుతుంది. పగులు ఎలాగూ పోదు. ఇలాంటి కప్పుకు క్లోరిన్ బ్లీచు అస్సలు పెట్టకండి, అది మట్టిలోకి దిగి ఉప్పుగా గడ్డకట్టి గ్లేజును పెచ్చులు పెచ్చులుగా లేపుతుంది. బ్లీచును వెనిగర్‌తో కలపడమైతే ఏ పాత్ర దగ్గరా వద్దు, విషవాయువు వస్తుంది. పగుళ్ల కప్పులను నేను తాగడానికి ఉంచుకోను. కడిగినా ఆ సందుల్లో ఏం మిగిలిందో కంటికి కనపడదు.

అలమరలో

పళ్లెం మీద పళ్లెం పెడితే పైదాని గరుకు ఉంగరం కిందిదాని గ్లేజును గీస్తుంది. మధ్యలో పలచని గుడ్డో, కాగితమో వేయండి. ఉంగరం మరీ గరుకుగా ఉంటే 400 నంబరు నీటి సాండ్‌పేపరును తడిపి నీళ్లలోనే నాలుగు చుట్లు తిప్పండి, అప్పుడు దుమ్ము లేవదు. కప్పులో కప్పు దూర్చి పెట్టకండి, ఒకదాని అంచు ఇంకోదాని గోడను ఒత్తుతూనే ఉంటుంది.

నెలకోసారి కప్పు చెవిలో వేలు దూర్చి వేలాడదీసి, చెక్క గరిటెతో అంచు మీద మెల్లగా తట్టండి. బాగున్నది ఖంగుమంటుంది. బీట ఉన్నది డొక్కు చప్పుడు చేసి ఊరుకుంటుంది. డొక్కు చప్పుడు చేసిన కప్పులో వేడివేవీ పోయకండి.

విరిగితే

చెవి ఊడిన మగ్గును నేనొకసారి జిగురుతో అతికించి, చూడ్డానికి గీత కూడా కనపడటం లేదని మురిసిపోయాను. మూడో రోజు వేడి కాఫీతో ఎత్తినప్పుడు చెవి చేతిలో మిగిలింది, మగ్గు ఒళ్లో పడింది. ఇంట్లో వాడే ఎపాక్సీ జిగుళ్లలో చాలావరకు వేడికి మెత్తబడతాయి. తిండికి తగలకూడదని కూడా వాటి మీదే రాసి ఉంటుంది. కాబట్టి అతికించిన కప్పు పెన్నులకు, బ్రష్షులకు. జపాన్‌లో ముక్కలను ఉరుషి చెట్టు లక్కతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దుతారు. కింత్సుగి అంటారు. అసలు లక్క గట్టిపడటానికి తేమ కావాలి, వారాలు పడుతుంది, పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. ఆ పేరుతో అమ్మే పెట్టెల్లో ఎక్కువగా ఉండేది ఎపాక్సీ, మెరుపు పొడి. వాటితో చేసినవి చూసుకోవడానికే. ఏ పద్ధతిలో చేసినా బంగారం పూసినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

పెదవి తగిలే అంచున పెచ్చు ఊడితే కప్పు పని అయిపోయినట్టే. అడుగున ఊడితే సాండ్‌పేపరుతో పదును తీసి వాడుకోండి.

మొక్కల కుండీగా మార్చడం

సీసం అనుమానం ఉన్న పాత్రకు డ్రిల్లు పెట్టకండి, రాలే పొడిలో అదే ఉంటుంది. దాని అడుగున చెరగని సిరాతో ‘తిండికి కాదు’ అని రాసి పెన్నులకు వాడుకోండి. పక్షులకు, పెంపుడు జంతువులకు నీళ్లు పెట్టడానికి కూడా అది వద్దు. మిగతావాటికి ఇలా చేయండి.

1. కప్పును తడి గుడ్డ మడతల మీద బోర్లించండి. రంధ్రం చేసే చోట మాస్కింగ్ టేపు అడ్డంగా, నిలువుగా అంటించండి. లేకపోతే డ్రిల్లు మొన జారుతుంది.
2. 6 నుంచి 8 మిల్లీమీటర్ల వజ్రపు పొడి అద్దిన బిట్టు, బ్యాటరీ డ్రిల్లు తీసుకోండి. సుత్తి దెబ్బల మీట ఆపేయండి, దానితో ఒక్క క్షణంలో కప్పు రెండు ముక్కలు. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. పింగాణీ పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదు.
3. ఉంగరం లోపలి గుంటలో నీళ్లు పోసి, మొన తడిలోనే తిరిగేలా చూడండి. వేడీ ఎక్కదు, దుమ్మూ లేవదు.
4. వాలుగా మొదలుపెట్టి గాటు పడ్డాక నిటారుగా నిలపండి. నెమ్మదైన వేగం చాలు. అవతలికి వచ్చే ముందు చేతి బరువు దాదాపు తీసేయండి, లోపలి గ్లేజు పెచ్చులు లేచేది అప్పుడే.

కుండీ అడుగున పెంకులు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది పాత నమ్మకం. నిజానికి సన్నని మట్టి కింద గరుకు పెంకుల పొర ఉంటే నీళ్లు ఆ హద్దు దగ్గరే ఆగి వేళ్లను తడిగా ఉంచుతాయి. మట్టి జారకుండా రంధ్రం మీద వంపు తిరిగిన పెంకు ఒక్కటి చాలు.

పడేసేటప్పుడు

పెంకులను గాజు సీసాల డబ్బాలో వేయకండి. సీసాలు కరిగే కొలిమిలో పింగాణీ కరగదు, చిన్న ముక్కైనా కొత్త సీసాలో రాయిలా ఉండిపోయి ఆ సీసా అక్కడే పగులుతుంది. మందపాటి కాగితంలో చుట్టి, టేపు వేసి, పైన ‘పగిలిన పింగాణీ’ అని రాసి మామూలు చెత్తలో వేయండి. నేల మీద మిగిలిన నలుసులను తడి కాగితం అద్ది తీయండి, చీపురు వాటిని ఇంకా దూరం తోస్తుంది.

అయితే చెవి విరిగినా ఒళ్లు గట్టిగా ఉన్న మగ్గు ఒక్కదాన్ని మాత్రం ఉంచుకోండి. తడి గుడ్డ మీద కదలకుండా బోర్లించి, ఆ గరుకు ఉంగరం మీద వంటింటి కత్తిని 15, 20 డిగ్రీల వాలులో పిడి దగ్గర నుంచి మొన దాకా మెల్లగా లాగండి. వేళ్లు అంచుకు పైనే ఉండాలి. ఒక్కో వైపు ఏడెనిమిది సార్లు లాగితే మొద్దుబారిన కత్తి టమాటా తొక్కను జారకుండా కోస్తుంది. ఉంగరం మీద నల్లటి చారలు పడతాయి. పళ్లెం మీద చూసిన బూడిద గీతల లాంటివే, కత్తి నుంచి అరిగిన ఉక్కు. కత్తిని కడిగి తుడిచి పెట్టండి, మగ్గును అలాగే వదిలేయొచ్చు.